ఒక మాత్ర తక్కువ

చండూరు దవాఖానలో గోడకు దిగ్గొట్టిన ఇనుప అల్మారా.
రెండు తాళాలు.
ఒక తాళంచెవి డాక్టర్ నుస్రత్ మెడలో, గుర్తింపు కార్డు వెనక,
ఇంకొకటి ఫార్మసిస్టు యాదగిరి మొలతాడుకు.
ఇద్దరూ ఉంటేనే తెరుచుకునే నొప్పి మందు.
నేను మూడోవాణ్ణి,
లెక్క చూడ్డానికి వచ్చినవాణ్ణి.

రిజిస్టరుకు ఎర్ర అట్ట.
ప్రారంభ నిల్వ, ఇచ్చినది, మిగిలినది.
మార్ఫిన్, పది మిల్లీగ్రాములు.
మరీ శుభ్రంగా ఉన్న లెక్కంటే నాకు అనుమానం,
అది ఒకే రాత్రి కూర్చుని రాసిందై ఉంటుంది.
తేదీల మధ్య పెన్ను మారిందా అని చూస్తాను.
మారింది. నాలుగుసార్లు. ఒకచోట పెన్సిలు.
కాస్త నమ్మకం కుదిరింది.

డాక్టరమ్మ నీళ్లిచ్చింది,
"కృష్ణా నీళ్లే సార్, భయపడకండి."
బోరు నీళ్లు తాగిన తరం కిటికీ అవతల వరుసలో ఉంది:
మడవరాని మోకాళ్లు,
తల తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిన మెడలు.
వాళ్లకోసం ఆమె ఈ అల్మారా తెరవదు.
"ఎముకల నొప్పికి ఇస్తే, ఎందుకిచ్చావని మీరే అడుగుతారు కదా."
అడుగుతాను.
అడగకపోతే ఏమవుతుందో చూసినవాణ్ణి.

దేవరకొండ బస్టాండు వెనక మందుల షాపు.
పల్లీల్లా పొట్లం కట్టి అమ్మిన ట్రమడాల్.
బోరుబండి మీద పనిచేసే సైదులు
రాత్రంతా రాడ్లు ఎత్తడానికి మూడు వేసుకునేవాడు,
పొద్దున పడుకోవడానికి నాలుగు.
పందొమ్మిదేళ్లు.
కౌంటరు కింద దొరికిన ఖాళీ చీటీలు నూటపన్నెండు,
అన్నింటి మీదా ముందే చేసిపెట్టిన ఒక డాక్టరు సంతకం,
ఒకే వంకర.
సీలు వేస్తుంటే లక్క బొట్టు నా బొటనవేలి మీద పడింది.
మచ్చ ఇంకా ఉంది.
షాపు నాలుగు నెలలకే తెరుచుకుంది, ఇంకో పేరుతో.

సాలమ్మ వచ్చింది అప్పుడే,
నాంపల్లి అవతలి ఊరి నుంచి రెండు బస్సులు మారి.
కొంగుముడి విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది.
"మా పెద్దమనిషి సోమారం పోయిండు బిడ్డా.
మిగిలినయి వాపసు తెమ్మంటివి గద."
దవడ పుండు. ఆర్నెల్లు.
చివరి పదిహేను రోజులు ఈ మాత్రల మీదే నోరు తెరిచాడట.
"ఏం మాట్లాడేవాడు?" అడిగింది డాక్టరు.
"అప్పులు చెప్పిండు. మనం ఎవలకియ్యాలె, మనకెవలియ్యాలె.
ఇగ బర్రె సంగతి."

యాదగిరి లెక్కపెట్టాడు. పదిహేడు.
పద్దెనిమిది ఉండాలి.
మళ్లీ పెట్టాడు. పదిహేడే.
ఇద్దరూ నన్ను చూశారు.
ఆమె తన పాదాలు చూసుకుంది.

"ఒకటి నేనేసుకున్న సారూ.
గుంత కాడి దాంక నడిచొస్తిని, మోకాళ్లు మంటవెట్టినయి.
ఇర్వై ఏండ్లకు ఆ రాత్రి నిద్రవోయిన.
లేచి చూస్తే బారెడు పొద్దెక్కింది.
ఆయన పోయిన దినాన గంత నిద్రవోతినని
సిగ్గైంది."

నా ఫారంలో గడులున్నాయి:
విరిగినవి, గడువు తీరినవి, పోయినవి, ఇతరములు.
'ఇతరములు' చిటికెనవేలి గోరంత వెడల్పు.

నోటీసు ఇస్తే ఈమె రేపు స్టాకు తెప్పించదు.
మిర్యాలగూడలో ఒకాయన అట్లనే మానుకున్నాడు,
"ఎందుకొచ్చిన గొడవ సార్, పారాసిటమాల్ రాస్తా."
ఆయన పేషెంట్లు రాత్రుళ్లు అరిచింది
ఏ ఫైలులోనూ నాకు కనపడలేదు.
ఇవ్వకపోతే,
నూటపన్నెండు చీటీల డాక్టరుకు కూడా
ఎవరో మొదట ఒకటి వదిలేసే ఉంటారు.

పెన్ను మూత తీశాను.
"నీ పేరేంటమ్మా?"
"నా పేరెందుకు సారూ, మందు ఆయన పేరు మీదుండె."

రాశాను.
వాపసు పదిహేడు. తక్కువ ఒకటి. వాడినది భార్య.
కారణం
అన్నచోట ఇంకు ఆగింది. పెన్ను విదిలించాను.
నాంపల్లి బస్సు ఎన్నింటికని సాలమ్మ అడుగుతోంది.
యాదగిరి పదిహేడూ లోపల పెట్టి
రెండో తాళం వేశాడు,
చప్పుడు నాకు వినపడేలా.